తోడు లేకుండా పానా వెళ్ళదు

అడిగితే మా బావ ప్రాణమైనా ఇస్తాడేమో గానీ, పానా మాత్రం ఇవ్వడు. అలాగని లేదని చెప్పే రకమూ కాదు. పానా అడిగితే పానా పట్టుకుని తనే బయల్దేరతాడు. చంటిపిల్లని ఒంటరిగా వీధిలోకి పంపనట్టు, దాన్ని ఒక్కదాన్నే గడప దాటనివ్వడు.

పక్కింటి టైలరు మిషను బిగించుకుంటానని స్క్రూడ్రైవరు అడిగితే, ఈయన వెళ్ళి మిషను ముందు కూర్చుని, బిగించి, నూనె వేసి, టైలరు మీద నాలుగు విసుర్లు విసిరి మరీ వచ్చాడు. వెనక వీధి టీచరమ్మ నిచ్చెన అడిగితే, నిచ్చెనతో పాటు వెళ్ళి ఆమె ఇంట్లో బల్బు తనే మార్చొచ్చాడు.

"నేను పుట్టింటికి వెళ్తుంటే బస్సు దాకా రాని మనిషి, నిచ్చెన వెంట రెండు వీధులు నడిచాడే!" అంది మా అక్క.

"నువ్వైతే దారి తెలుసుకుని తిరిగొస్తావు" అన్నాడు బావ.

ఇలాంటి బావకి సరైన జోడీ జీపు పెద్దాయన. కొండ మీది స్కూలు టీచర్లని రోజూ రాళ్ళదారిలో పైకి తీసుకెళ్ళి దింపుతాడు. ఆ జీపు మీద పరాయి చెయ్యి పడనివ్వడు. మెకానిక్కులందరూ ఆయన లెక్కలో శుంఠలు. ఇప్పుడు ముందు చక్రాల బాల్ జాయింట్లు పోయాయి. అవి చక్రాన్ని బండికి పట్టి ఉంచే కీళ్ళు. ఊడాయా, చక్రం దారి చక్రానిది, జీపు దారి జీపుది. సోమవారానికి బాగవకపోతే వేరే బండి మాట్లాడుకుంటామని స్కూలు వాళ్ళు చెప్పేశారు. ఆ పని పోతే ఇక జీపు అమ్ముకోవడమే. పైగా జీపు కీళ్ళతో పాటు ఆయన కుడి భుజమూ పట్టేసింది. ఆ సంగతి వీధంతటికీ తెలుసు, ఆయన ముందు అనే ధైర్యం ఎవరికీ లేదు.

ఆదివారం పొద్దున్నే మా గుమ్మంలోకి వచ్చాడు.

"ఆ బాల్ జాయింట్ల ప్రెస్సు ఇలా ఇవ్వు. నువ్వు రానక్కర్లేదు."

"ప్రెస్సు ఒక్కటే రాదు పెద్దాయనా."

"నా జీపు మీద ఇంకోడి చెయ్యి పడదు."

"మీ జీపు ముట్టుకోను. నా ప్రెస్సే ముట్టుకుంటా."

పెద్దాయనకి తప్పలేదు. ప్రెస్సు లేకపోతే సుత్తే గతి. సుత్తితో కొడితే కొత్త జాయింటు వంకరగా దిగుతుందని ఇద్దరికీ తెలుసు. తమాషా చూద్దామని నేనూ వెంటపడ్డాను.

జీపు ముందు భాగం అప్పటికే స్టాండ్ల మీద ఉంది. చక్రాలూ వాటి వెనక సామానూ ఊడదీయడానికే పెద్దాయనకి శనివారమంతా పట్టిందట. బావ పెట్టె తెరిచాడు. ప్రెస్సంటే ఇంగ్లీషు సి అక్షరంలా ఉండే బరువైన ఇనప చట్రం, దానికి రకరకాల సైజుల కప్పులు. సరైన కప్పు పెట్టి మర తిప్పితే జాయింటు కదులుతుంది, తప్పుది పెడితే చట్రం వంగుతుంది. మా బావ కళ్ళు మూసుకుని తడిమి సైజు చెప్పగలడు. అలాంటివాడు ఓ కప్పు తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేనంటారా?"

"అది పెడితే రేపటి దాకా తిప్పుతూనే ఉంటావు. దాని పక్కది!"

"ఇదా?"

"ఓరి నాయనో! ఇవతలి పక్కది!"

నేను నోరు తెరిచాను. బావ చూసిన చూపుకి మూసేశాను.

"మరి కిందేం పెట్టాలి?"

"ఊడిన జాయింటు పడటానికి చోటుండాలి కదరా! లోతైనది పెట్టు. అసలీ పెట్టె ఎందుకు కొన్నావు నువ్వు?"

"చూడ్డానికి బావుందని కొన్నానండీ."

మర తిప్పబోయిన పెద్దాయన చెయ్యి సగంలో ఆగిపోయింది. "వద్దొద్దు, అరిగిపోతుంది, నా మర నేనే తిప్పుకుంటా" అని బావ కొట్లాటకి దిగాడు. ఇక ఆయన తిట్టడం, ఈయన తిప్పడం. పాతవి ఊడొచ్చాయి, కొత్తవి తిన్నగా దిగాయి. ఆఖర్న నట్లు బిగించడానికి, సరిపడా బిగువు రాగానే టక్కుమనే టార్క్ రెంచి తీశాడు బావ.

"ఎన్నిసార్లు టక్కుమనాలండీ?"

"ఒక్కసారి! ఒక్కసారేరా!" అని పెద్దాయన జుట్టు పీక్కున్నాడు. ఆయన్ని అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు.

దారిలో అడిగాను. "ఏం బావా, సైజులు మర్చిపోయావా?"

"ఆయన భుజం పట్టేసింది గానీ బుర్ర పట్టెయ్యలేదు కదమ్మా" అన్నాడు.

అప్పుడు తట్టింది నాకు. టైలరుకి చూపు ఆనదు. టీచరమ్మకి నిచ్చెనెక్కితే కళ్ళు తిరుగుతాయి. సాయం చెయ్యమని నోరు విప్పలేని వాళ్ళంతా వచ్చి పనిముట్టు అడుగుతారు. బావ మీద నాకు బోలెడంత ప్రేమ పుట్టుకొచ్చింది. చెప్తే ఏడాది పాటు ఏడిపిస్తాడని చెప్పలేదు.

సోమవారం జీపు టీచర్లతో కొండెక్కింది. "సామాను కొంటే సరా? ఏ కప్పు ఎక్కడ పెట్టాలో తెలీదు పాపం, దగ్గరుండి నేర్పాను" అని పెద్దాయన వీధి వీధంతా చెప్పాడు. మళ్ళీ ఆదివారం మా గేటు దగ్గర నిలబడి కేకేశాడు.

"ఒరేయ్, బ్రేకులు విప్పుతున్నా. పెట్టె తీసుకురా, నేర్చుకుందువు గాని!"

బావ కాఫీ సగంలో వదిలేసి, పెట్టె ఎత్తుకుని పరిగెత్తాడు. గేటు దాటకుండానే మొదలెట్టాడు.

"బ్రేకులంటే ముందు చక్రం విప్పాలాండీ?"