ఆవిరి పట్టిన కిటికీ

ఇక్కడ చలికాలం మొదలయ్యే జూన్ నెల వచ్చిందంటే ఫ్లాట్ బుష్‌లోని మా ఇంట్లో వెనక గది అలమర తలుపు తీయగానే ఒక వాసన వస్తుంది. తడిసి సరిగ్గా ఆరని స్పాంజి వాసన. మా అమ్మాయి ముక్కు మూసుకుని పారిపోతుంది. నాకు మాత్రం మనురేవా అవతల, కారవాన్లు నిలబెట్టే ఒక యార్డు గుర్తొస్తుంది. అక్కడ నాకు పని నేర్పిన సరోజినీ ఆంటీ గుర్తొస్తారు.

రెండువేల దశకం మధ్యలో మేము కడప నుంచి కొత్తగా వచ్చాం. మా ఆయనకు కంప్యూటర్ ఉద్యోగం దొరికింది, నాకు దొరకలేదు. ఈ దేశంలో స్థిరపడటానికి కావలసిన రెసిడెన్సీ ఇంకా రాలేదు. ఖాళీగా కూర్చోలేక ఆ యార్డులో పనికి చేరాను. యార్డు బాధ్యత ఆంటీది. ఆమె ఫిజీలో పుట్టిన తెలుగావిడ. ముత్తాతలు విశాఖ వైపు నుంచి చెరకు తోటల్లో పనికి వెళ్లారట. "మాది పాత తెలుగు, మీది సినిమా తెలుగు" అని నవ్వేవారు. పొడుగ్గా, ఎముకల గూడులా ఉండేవారు. చీర మీద రెయిన్‌కోటు, కాళ్లకు గమ్‌బూట్లు.

కారవాన్ అంటే కారు వెనక తగిలించుకుని ఊళ్లు తిరిగే చక్రాల ఇల్లు. వేసవంతా తిరిగినవాళ్లు చలికాలానికి దాన్ని మా దగ్గర వదిలి వెళ్లేవారు. గొట్టాల్లో నీళ్లు మిగిలితే గడ్డకట్టి పగులుతాయి కనుక చుక్క లేకుండా వంచేయాలి. పరుపులు గోడకు తగలకుండా నిలబెట్టాలి. అలమర తలుపులు తీసి ఉంచాలి. కప్పులోని చిన్న కిటికీని ఎప్పుడూ కొంచెం తెరిచే ఉంచాలి. "దీన్ని చంపేది చలి కాదు పిల్లా, తడి. గాలాడాలి" అనేవారు ఆంటీ. రోజూ వరసల వెంట నడిచి ఒక్కొక్కటీ చూసి రావడం నా పని.

ఒక ఉదయం చివరి వరసలో ఒక పాత కారవాన్ ముందు ఆగిపోయాను.

"ఆంటీ, దీని కిటికీకి లోపలివైపు నీళ్లు కారుతున్నాయి. మిగతావాటికి లేదు."

ఆమె వచ్చి అద్దం వైపు చాలాసేపు చూశారు. "లోపల ఎవరో ఊపిరి పీలుస్తున్నారు" అని నెమ్మదిగా అన్నారు.

తలుపు తట్టారు. తీసింది ఆ కారవాన్ యజమానురాలే, మార్గరెట్. డెబ్బై దాటిన కివీ, అంటే ఈ దేశపు ఆవిడ. జుట్టు నున్నగా దువ్వుకుని, ఉన్ని కోటు బొత్తాలన్నీ పెట్టుకుని ఉంది. "కాస్త గాలి తగలనిద్దామని వచ్చాను" అన్నది ఇంగ్లీషులో. ఆమె వెనక కెటిల్, మడత పెట్టిన దుప్పట్లు, గ్యాస్ హీటర్ కనిపిస్తున్నాయి.

"మంచిది" అన్నారు ఆంటీ. "హీటర్ వెలిగిస్తే మాత్రం పైకిటికీ మూయకండి, గ్యాస్ పొగ లోపలే నిండుతుంది." తలుపు తనే దగ్గరకు వేశారు.

యార్డులో ఎవరూ నివసించకూడదు. ఓనరు పెట్టిన మొదటి నియమమే అది. మార్గరెట్ భర్త పోయాడు, ఉంటున్న అద్దె ఇంటిని దాని యజమాని అమ్మేశాడు, నగర కౌన్సిల్ తక్కువ అద్దెకిచ్చే ఫ్లాట్ కోసం ఎదురుచూస్తోంది. ఆంటీ నెమ్మదిగా రాబట్టిన సంగతులివి. నాతో ఒక్కటే మాట అన్నారు: "మనం చూడలేదు." సరేనన్నాను. ఏదైనా జరిగితే మా కాగితాల మీదికి వస్తుందేమోనని భయం.

ఓనరు వారానికోసారి వచ్చేవాడు. ఆ రోజు మార్గరెట్ పొద్దున్నే లైబ్రరీకి వెళ్లిపోయేది. ఒకసారి అతను సరిగ్గా ఆ కారవాన్ ముందే ఆగి, "ఈ కిటికీ ఏమిటి ఇలా ఉంది?" అని హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు. "తడి ఎక్కువగా ఉంది. నేను చూసుకుంటున్నాను" అన్నారు ఆంటీ మామూలు గొంతుతో. అతను చెయ్యి తీసేవరకూ నేను నేల చూస్తూ నిలబడ్డాను. ఆ తర్వాత ఆంటీ రోజూ యార్డుకు రాగానే ముందు ఆ తలుపు తట్టేవారు. లోపలి నుంచి "గుడ్ మార్నింగ్" వినిపించాకే మిగతా పని.

ఆగస్టులో ఒక ఉదయం యార్డులో గడ్డి మొత్తం మంచు పట్టి తెల్లగా ఉంది. ఆంటీ తలుపు తట్టారు. జవాబు లేదు. మళ్లీ తట్టారు, పేరు పెట్టి పిలిచారు. నేను వెనక్కి జరిగి పైకి చూశాను. కప్పు కిటికీ మూసి ఉంది.

"పక్కకి జరుగు" అన్నారు ఆంటీ. చక్రాల బోల్టులు విప్పే ఇనుప రెంచితో అద్దం పగలగొట్టి, చెయ్యి లోపలికి పెట్టి గడియ తీశారు. మార్గరెట్ మంచం మీద ఉంది, కళ్లు తెరవలేదు. దుప్పటితో సహా ఇద్దరం ఆమెను బయటికి లాగాం. "పిల్లా, అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యి. గ్యాస్ పొగ అని చెప్పు." ఫోన్‌లో నాకు అడ్రసు గుర్తుకు రాలేదు. గేటు దగ్గరికి పరుగెత్తి బోర్డు చూసి చదివాను. తిరిగి వచ్చేసరికి ఆంటీ తడి గడ్డి మీద కూర్చుని, మార్గరెట్ తల ఒళ్లో పెట్టుకుని, "మార్గరెట్, నాతో మాట్లాడు" అని అంటూనే ఉన్నారు. అద్దం గీసుకుని ఆంటీ మోచేతి నుంచి నెత్తురు కారుతోంది. చాలాసేపటికి మార్గరెట్ దగ్గి, వాంతి చేసుకుని, కళ్లు తెరిచింది. "చలేసింది, మూశాను" అన్నది.

అంబులెన్స్ వెళ్లకముందే ఓనరు వచ్చాడు. పగిలిన కిటికీ చూశాడు, నావైపు తిరిగి అడిగాడు: "ఈమె ఇక్కడ ఉంటోందని నీకు తెలుసా?"

నేను జవాబు చెప్పేలోపే ఆంటీ మా మధ్యకు వచ్చారు. "ఆ అమ్మాయిని అడగొద్దు. యార్డు నా చేతికిచ్చావు. నన్నడుగు. నాకు తెలుసు. ఉండనిచ్చింది నేనే."

"ఆమె చచ్చిపోయి ఉంటే?"

ఆంటీ తల దించుకున్నారు. "అదీ నా తప్పే అయ్యేది."

ఆ వారమే ఆమె ఉద్యోగం పోయింది. చివరి రోజు ఆమె సామాను కారులో సర్దుతూ, "మీరు ఆమెకి మంచే చేశారు కదా ఆంటీ" అన్నాను.

"ఏటి మంచి?" అన్నారు. ఆమె కోపంగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. "నోరు మూసుకున్నాను, అంతే కదా. మా ఇంట్లో గది ఖాళీగా ఉంది. మొదటి రోజే ఆమెని తీసుకుపోవాల్సింది. తీసుకుపోతే నాకు పని, వంట, ఇంట్లోవాళ్ల చేత మాటలు. ఊరుకుంటే ఏ కష్టం లేకుండా మంచిదాన్నయిపోయాను. అది పిల్లా నేను చేసింది."

ఆసుపత్రి నుంచి మార్గరెట్‌ను ఆమె సరాసరి తన ఇంటికి తీసుకువెళ్లారు. నేను చూడటానికి వెళ్లినప్పుడు ఇద్దరూ వంటింట్లో పప్పులో ఉప్పు గురించి వాదించుకుంటున్నారు. కౌన్సిల్ ఫ్లాట్ వచ్చేసరికి ఎండలు ముదిరాయి. కొన్నేళ్ల తర్వాత ఆంటీ కూతురి దగ్గరికి బ్రిస్బేన్ వెళ్లిపోయారు, అక్కడే పోయారు. ఆమెకు నేను చెప్పాల్సిన మాటలు చాలా ఉండిపోయాయి.

ఇప్పుడు నేను ఇదే నగరానికి మరో చివరనున్న ఆల్బనీలో ఒక ఆఫీసులో పని చేస్తున్నాను. నిరుడు మా టీమ్‌లో నెల్లూరు నుంచి వచ్చిన ఒకమ్మాయి చేరింది. అందరికంటే ముందు వచ్చేది, అందరి తర్వాత వెళ్లేది. ఒక సాయంత్రం పార్కింగ్‌లో ఆమె కారు వెనక సీటులో రజాయి, దిండు కనిపించాయి.

"ఎక్కడ ఉంటున్నావమ్మా?"

"ఫ్రెండ్స్ ఫ్లాట్‌లో అక్కా" అన్నది, నా మొహం చూడకుండా.

అవునా అని వెళ్లిపోవచ్చు. ఆ అమ్మాయి పరువూ నిలిచేది, నా సాయంత్రమూ నాకు మిగిలేది. నేను నా కారు తాళం జేబులో వేసుకుని, ఆమె కారెక్కి పక్క సీటులో కూర్చున్నాను.

"మా ఇంటికి, ఫ్లాట్ బుష్‌కి పోనీ. మోటర్‌వే ఎక్కాక చెప్తాను దారి" అన్నాను.

మా ఆయనకు దారిలో ఫోన్ చేసి, వెనక గది సర్దమని చెప్పాను.