దొరగారికి ఎడమ చేత్తో

మా అన్నయ్యది ఎడమచేతి వాటం. మా ఇంట్లో దీన్ని ఒక జబ్బులాగా, గొంతు తగ్గించి చెప్పుకునేవారు. మా నాన్నగారు లూథరన్ మిషనులో ఉపదేశి. అంటే మాలపల్లెలన్నీ కాలినడకన తిరిగి ఆజ్ఞలూ ప్రార్థనలూ నేర్పే ఉద్యోగం. తీర్పునాడు దేవుడి కుడివైపు గొర్రెలు, అంటే మంచివాళ్ళు, ఎడమవైపు మేకలు, అంటే పాపులు అని ఊరందరికీ చెప్పి చెప్పి, తీరా తన ఇంట్లోనే మేక పుట్టిందని ఆయన దిగులు. అన్నం తినడం, రాయడం, దండం పెట్టడం అన్నీ అన్నయ్య చేత కుడిచేతికి మార్పించారు. ఆయనకు లొంగనిది ఒక్కటే, విసరడం.

చిన్నప్పుడు అన్నయ్య మంచె మీద కూర్చుని జొన్నచేనుకు కాపలా కాసేవాడు. వడిసెల తిప్పి రాయి వదిలితే పిట్ట ఎక్కడ వాలబోతోందో అక్కడికి పోయేది. ఆ రాయి ఎప్పుడూ ఎడమ చేతిలోంచే వెళ్ళేది. చేలో ఆసాములు కూడా చూసి నవ్వుకునేవారు తప్ప వద్దనేవారు కాదు, పిట్టలు పోతున్నాయి కదా అని.

తర్వాత మిషనువాళ్ళు అన్నయ్యను రాజమండ్రి కాలేజీలో చేర్చారు. మా మిషను దొర అమెరికావాడు, ఆయనకు క్రికెట్టు గురించి మాకు తెలిసినంతే తెలుసు. కాలేజీ ప్రిన్సిపాలు మాత్రం సీమదొర, ఇంగ్లండువాడు, ఆ ఆటంటే పిచ్చి. అన్నయ్య చెయ్యి చూసి ఆయన వదిలిపెట్టలేదు. మోచెయ్యి వంచకుండా బంతి వెయ్యడం దగ్గరుండి నేర్పాడు. అన్నయ్య వేసిన బంతి నేలను తాకాక తోవ తప్పిన దూడలాగా పక్కకు పోయేది, వెనకాల మూడు కర్రల్లో ఏదో ఒకటి పడేది. కాలేజీలో అతన్ని తట్టుకుని నిలిచినవాడు లేడు. ఈ సంగతులన్నీ అన్నయ్య నాకు చెప్పేవాడు. నాన్నగారు అడిగేవారు కాదు, ఆ మైదానం వైపు ఎప్పుడూ వెళ్ళలేదు కూడా.

ఆ ఏడు సీమ నుంచి ఒక జట్టు ఓడెక్కి మన దేశానికి వచ్చింది. సింహళంలో ఆడి, బొంబాయిలో ఆడి, మద్రాసుకు వస్తారన్నారు. మద్రాసులో దొరల జట్టుతో పాటు నేటివుల జట్టుతో కూడా ఒక ఆట పెట్టారు. ఆ నేటివుల జట్టుకు మనుషుల్ని ఏరడానికి మద్రాసు దొర ఒకాయన కాకినాడ వస్తున్నాడని తెలిసి, మా ప్రిన్సిపాలు కబురు పంపాడు. మంచి బంతులు వేసే కుర్రాడు ఒకడు వస్తాడు, చూడండి అని మాత్రమే చెప్పాడట. చెయ్యి సంగతి కావాలనే దాచాడు. వాళ్ళే చూసి నోరు తెరవాలని ఆయన సరదా. ఎవరి సరదాలు వాళ్ళవి.

అన్నయ్య ఏదీ నోరు తెరిచి కావాలని అడిగే మనిషి కాదు. ఆ వారం మాత్రం నాతో అన్నాడు. "ఇదొక్కటి నాకు కావాలే చెల్లీ. ఇది అయితే ఇంకేమీ అడగను."

ముగ్గురం కాలవ పడవలో కాకినాడ బయల్దేరాం. అమ్మ అప్పటికి లేదు, నన్ను ఒక్కదాన్నే వదలలేక తీసుకెళ్ళారు. నాన్నగారు ఉతికిన కోటు మూటలో పెట్టుకున్నారు. దొర ఎదుట నిలబడాలి కదా. పడవ ధవళేశ్వరం దాటాక ఆయనకు మొదటిసారి అనుమానం వచ్చింది.

"దొరగారు ఊరికే చూస్తారా, ఆయన కూడా ఆడతారా?"

"ఆయనే బ్యాటు పట్టుకుంటారండి. నేను ఆయనకి బంతెయ్యాలి," అన్నాడు అన్నయ్య.

"ఏ చేత్తో?"

అన్నయ్య ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. నాన్నగారి మొహం మారిపోయింది.

"ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్ళయినా ఎడం చేత్తో ఇస్తామా? అలాంటిది అంత పెద్దదొరకి ఎడం చేత్తో విసురుతావా, కుక్కకి విసిరినట్టు?"

"దొరలకి ఆ పట్టింపు లేదండి నాన్నగారూ. ప్రిన్సిపాలుగారు ఎప్పుడూ ఏమీ అనలేదండి. అసలు ఆ చెయ్యి చూసే..."

"ఆయన నీకు గురువు. గురువు తల్లిలాంటివాడు, ఓర్చుకుంటాడు. ఈయన పరాయి దొర. మాలపల్లె బుద్ధి పోలేదంటాడు. మన మిషనుకే మాటొస్తుంది." ఆ పైన మెల్లిగా అన్నారు. "నాలుగో ఆజ్ఞ నీకు నేను మళ్ళీ చెప్పాలా?"

మా లూథరన్ల లెక్కలో తల్లిదండ్రుల్ని సన్మానించమనే ఆజ్ఞ అది. మాటలు వచ్చీరాని వయసులో ఆయన ఒళ్ళో కూర్చుని మేమిద్దరం వల్లించిన ఆజ్ఞ. అన్నయ్య కాకినాడ దాకా నీళ్ళ వైపు తిరిగి కూర్చున్నాడు. నాకు నాన్నగారి మీద ఒళ్ళు మండిపోయింది, కాని ఆడపిల్లని, నా మాట ఎవరికి కావాలి.

మైదానం చుట్టూ తాడు కట్టారు. దొరసానుల వెనకాల ఆయాలు నిలబడిన చోట నన్నూ నిలబడనిచ్చారు. నాన్నగారు కోటు తొడుక్కుని తాడు పక్కనే, చేతులు కట్టుకుని నిలబడ్డారు. మద్రాసు దొర లావుపాటి మనిషి, సరదాగా మాట్లాడుతున్నాడు. అన్నయ్య భుజం తట్టి బంతి ఇచ్చాడు. అన్నయ్య దాన్ని రెండు చేతులా అందుకున్నాడు.

మొదటి బంతి కుడిచేత్తో వేశాడు. అది పేరంటానికి వచ్చిన ముత్తైదువలాగా ఎంతో మర్యాదగా వెళ్ళి బ్యాటు దగ్గర నిలబడింది. దొర దాన్ని సరుగుడు చెట్ల అవతలికి కొట్టాడు. రెండోదీ అంతే. చుట్టూ దొరలు చప్పట్లు కొట్టారు, నాన్నగారు కూడా కొట్టారు. దొర సంతోషించాడు కదా అని ఆయనకు సంబరం.

మూడో బంతికి వెనక్కి నడిచి వెళ్ళిన అన్నయ్య ఆగిపోయాడు. బంతిని ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు. ఆ చేతిలోకి రాగానే వేళ్ళు దాని చుట్టూ వాటంతటవే సర్దుకోవడం నాకు అంత దూరానికీ కనిపించింది. వెయ్యి అన్నయ్యా, వెయ్యి, అని లోపల్లోపల మొత్తుకున్నాను. అతను నాన్నగారి వైపు చూశాడు. నాన్నగారు అరవలేదు, కళ్ళెర్ర చెయ్యలేదు. రెండు చేతులూ జోడించి కొడుక్కి దండం పెట్టారు, అంతే. బంతి మళ్ళీ కుడిచేతిలోకి వెళ్ళింది.

దొర ఇంకాసేపు ఆడి, చాలన్నాడు. మంచి మర్యాద తెలిసిన కుర్రాడు అన్నాడట. ఆ మాట నాన్నగారు తిరుగు పడవ నడిపే సరంగుకు కూడా చెప్పారు.

నేటివుల ఆట మద్రాసులో అన్నయ్య లేకుండానే జరిగింది. మనవాళ్ళు ఘోరంగా ఓడారు. సీమ జట్టు ఇంకా ఏవో ఊళ్ళలో ఆడి ఓడెక్కి వెళ్ళిపోయింది. ఆ మధ్యలోనే అన్నయ్య చదువు ముగిసింది, పాలకొల్లు అవతల ఒక పల్లెబడికి మేష్టరుగా వేశారు. అక్కడ చుట్టూ నీళ్ళు, బురద. ఆట సంగతి దేవుడెరుగు, మైదానం అనదగ్గ పొడినేల కూడా లేదు.

వెళ్ళేముందు సెలవు తీసుకోవడానికి ప్రిన్సిపాలు బంగళాకు ముగ్గురం వెళ్ళాం. ఆయన వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. అన్నయ్యను ఏమీ అడగలేదు. చిన్నబుచ్చుకున్నట్టున్నాడు. నాన్నగారితో తనకు వచ్చిన తెలుగులో అన్నాడు.

"కాకినాడలో మీ అబ్బాయి ఎందుకు బాగా వెయ్యలేదు?"

"బాగానే వేశాడండి. తమరికి మాట రానివ్వలేదండి," అన్నారు నాన్నగారు వంగి. "ఎడం చెయ్యి ఎత్తబోతే నేనే ఆపానండి. మొత్తం కుడిచేత్తోనే వేయించానండి."

దొర నవ్వుతాడేమో అని చూశాను. నవ్వితే బాగుండేది. పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుని, నాన్నగారి వైపు తిరిగాడు. తర్వాత అర్థమయ్యేలా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాడు. బొంబాయిలో పార్సీల చేతుల్లో సీమ జట్టు ఒక ఆట ఓడింది. వాళ్ళను తిప్పలు పెట్టినవాడిది ఎడమచేతి వాటం. మద్రాసులో కూడా అలాంటివాడు ఒక్కడుంటే కథ వేరుగా ఉండేదని పేపర్లో రాశారు. "నేను పంపింది ఆ చెయ్యి కోసమే," అన్నాడు.

నాన్నగారు బతుకంతా దొరల మెప్పు కోసం ఎండనకా వాననకా తిరిగారు. ఆ మెప్పు ఒక్కసారి తనంత తాను మా గుమ్మంలోకి వస్తే, తలుపేసింది ఆయనే. అది ఆయనకు అక్కడే, ఆ వరండాలోనే తెలిసింది. మెట్లు దిగేటప్పుడు నా భుజం పట్టుకుని దిగారు. అంతసేపూ కోపంతో ఉడికిపోతున్న నాకు ఆయన్ని చూస్తే ఏడుపొచ్చింది.

గోదావరి గట్టు మీద ఇంటిదారి పట్టాం. కోటిలింగాల రేవు దాటాక నాన్నగారు ఆగారు.

"నాకెందుకు చెప్పలేదురా?"

"పడవలో చెప్పబోయానండి."

ఆయన తల ఊపారు. గుర్తొచ్చినట్టే ఉంది. మళ్ళీ కొంచెం నడిచి, నేల చూస్తూ అన్నారు.

"ఇకమీదట నువ్వు ఏ చేత్తో వేసినా నేనేమీ అనన్రా."

"ఇప్పుడెవరికి వెయ్యనండి నాన్నగారూ?"

అన్నయ్య ఆ మాట కోపంగా అన్నా నాకు ఊరటగా ఉండేది. తెలియక అడిగినట్టే అడిగాడు. నాన్నగారు జవాబు కోసం నా వైపు చూశారు.