సోమవారం పేపర్లో రేసు కారు

ఇవాళ ఈ పరాయి దేశంలో, మౌంట్ రాస్కిల్‌లో మా ఇంట్లో టీవీ చూస్తుంటే, ఎన్నో ఏళ్లు పోటీపడిన ఒక డచ్ రేసు డ్రైవర్ రిటైర్ అయ్యాడనీ, ఒక్క రేసూ గెలవలేదనీ చెప్పారు. మా అన్నయ్య గుర్తొచ్చాడు.

మన ఈడువాళ్లకి గుర్తుందా, టీకొట్టులో నూనె మరకల పేపర్ కోసం కాచుక్కూర్చోవడం? మెకానిక్ షెడ్డులో లారీ కింద పడి కాళ్లు పోయి మంచం పట్టిన మా అన్నయ్యకి చదువు రాదు. నేనే చదివి పెట్టేదాన్ని. మంచం పక్క గోడకి ఈ డ్రైవర్ ఫొటోనే అంటించుకున్నాడు.

"మనోడు ఎన్నోవాడే?"

"ఫస్టే అన్నయ్యా." ప్రతి సోమవారం అబద్ధమే చెప్పేదాన్ని.

ఒకరోజు నవ్వాడు. "దొంగమొహమా, పేపర్లో ఫొటోలో కప్పు వేరేవాడి చేతిలో ఉందిగా! ఓడినా చెప్పు. ఓడిపోయి కూడా మళ్లీ బండెక్కుతున్నాడు చూడు, అదే నాక్కావాలి."

మరుసటి సోమవారం నిజమే చదవాలని పేపర్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాను. అప్పటికే అన్నయ్యని మంచం మీంచి దించి కింద పడుకోబెట్టారు.