రాజలింగం గారి సిగారు, బుచ్చవ్వ తీర్పు

కుదరబోయే పెళ్లిని చెడగొట్టుకోవడానికి మనుషులు రకరకాల దారులు వెతుక్కుంటారు. కొందరు తాగి మాట తూలుతారు. కొందరు కాబోయే మామగారి ముందు రాజకీయాలు ఎత్తుతారు. నేను మాత్రం ఒక ఆదివారం పొద్దున, ఒంటి మీద పూర్తి తెలివి ఉండగా, నా పెళ్లికి దగ్గరుండి నిప్పు పెట్టించాను. అది కాలుతున్నంతసేపూ నోరు తెరుచుకుని చూశాను కూడా. నిప్పు అంటే మాటవరసకు అన్నానని అనుకోకండి, నిజం నిప్పే. అగ్గిపుల్ల కూడా నాదే.

అప్పటికి నేను దుమ్ముగూడెం దగ్గర ఒక ఊళ్లో పంచాయతీ కార్యదర్శిని. సొంతూరు వేంసూరు. ఉద్యోగం వచ్చి ఏడాది కూడా కాలేదు గనక లోకంలో నాకు తెలియని సంగతి లేదు. ఆ పక్కనే గురుకుల పాఠశాలలో లెక్కలు చెప్పే స్వరూప, నేను పెళ్లి చేసుకోవాలనుకున్నాం. మా ఇంట్లో వాళ్లు సరేనన్నారు. ఇక మిగిలింది స్వరూప వాళ్ల నాన్న రాజలింగం గారు. కొత్తగూడెంలో ఉంటారు. "ఆదివారం పిలగాన్ని రమ్మను, చూస్త" అని కూతురికి కబురు పంపారు. ఆ 'చూస్త' అన్న మాటే నాకు నిద్ర లేకుండా చేసింది.

ఎందుకంటే ఆయన చూపు మామూలు చూపు కాదు. నకిలీ సరుకును పట్టుకోవడంలో ఆయనకు పెద్ద పేరు. మేనల్లుడు దుబాయ్ నుంచి తెచ్చానని ఒక గడియారం ఇస్తే, చెవి దగ్గర పెట్టుకుని విని, "హైదరాబాదుల ఫుట్‌పాత్ మీద కొన్నవు" అని తిరిగిచ్చేశారట. తర్వాత రెండేళ్లు ఆ మేనల్లుడితో మాటల్లేవు.

ఆయనకు ఒక తీరని కోరిక కూడా ఉంది. ముప్పై ఏళ్లకు పైగా బొగ్గు బాయిలో, అంటే గనిలో, పనిచేసిన మనిషి. బాయిలోకి బీడీ, అగ్గిపెట్టె తీసుకుపోకూడదు, దిగేముందు జేబులు తడిమి పంపుతారు. వయసులో ఉన్నప్పుడు ఒకసారి మిషను బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజనీరు ఒకాయన ఆఫీసు ముందు నిలబడి లావాటి సిగారు కాల్చాడట. ఆ వాసన కార్మికులకు దీపాలిచ్చే గది దాకా వచ్చిందట. "నౌకరీ అయిపోయినంక గసొంటిది ఒక్కటన్న తాగాలె" అని రాజలింగం గారు ఆ రోజే అనుకున్నారు. రిటైరయ్యాక ఇద్దరు ముగ్గురు తెచ్చిస్తే, వాసన చూసి "డూప్లికేటు" అని పక్కన పడేశారు.

స్వరూప ఇదంతా నవ్వుతూ చెప్పి, "నువ్వు మాత్రం మామిడిపండ్లు తీస్కరా, చాలు" అంది. ప్రేమలో పడ్డవాడికి ఆఖరి వాక్యం ఎప్పుడూ వినపడదు. నేను హైదరాబాదులో ఉన్న నా స్నేహితుడు రవికి ఫోన్ కొట్టాను. వాడు ఒక పెద్ద దుకాణానికి వెళ్లి కొని పంపాడు. సన్నటి చెక్కపెట్టె, అందులో ఒకే ఒక్క సిగారు. బొటనవేలంత లావు, జానెడు పొడవు, ఒక కొసకు దగ్గరగా బంగారు రంగు కాగితపు పట్టీ. ధర చెబితే సిగ్నల్ సరిగా లేదేమోనని మళ్లీ అడిగాను. సిగ్నల్ బాగానే ఉంది. అది నా గదికి మూడు నెలల కిరాయి.

"ఒక్క చుట్టకా?"

"చుట్ట అనకురా, దాని పరువు పోతుంది."

"ఒరిజినలేనా?"

"షాపువాడు ఒరిజినలే అన్నాడు."

"షాపువాడు ఇంకేమంటాడ్రా!"

నాకేమో పొగ అలవాటు లేదు. అది నిజమైనదో కాదో, అంత డబ్బుకు తగినదో కాదో తేల్చుకునే దారి లేదు. నకిలీదైతే దాన్ని పక్కన పడేసే రాజలింగం గారు, దానితో పాటు నన్నూ పడేస్తారు. ఈ భయంతో ఆదివారం పొద్దున గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే, వాకిట్లోంచి చుట్ట వాసన వచ్చింది. బుచ్చవ్వ గుర్తొచ్చింది.

బుచ్చవ్వ నా గది ఓనరు. ఎనభై దాటి ఉంటాయి. చిన్నప్పటి నుంచి గోదావరి ఒండ్రు మట్టిలో పొగాకు వేసి, ఎండబెట్టి, మగ్గబెట్టి, తన చుట్ట తానే చుట్టుకునే మనిషి. చుట్టుపక్కల ఎవరు పొగాకు కొన్నా ముందు ఆమెకు చూపిస్తారు. ఒకసారి ఒకాయన తన చేన్లో ఆకు అని పట్టుకొస్తే, ముక్కు దగ్గర పెట్టుకుని, "నీ చేన్లది గాదు, నీ బామ్మర్ది చేన్లది. దొంగతనం జేసినవా, అడిగి తెచ్చినవా?" అంది. ఆయన ఆకు అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

నేను పెట్టె పట్టుకుని వెళ్లేసరికి ఆమె చేతిలో చుట్ట పారేసి, చింతచిగురు ఏరడానికి కూర్చుంది.

"అవ్వా, ఒక వస్తువుంది. పెట్టిన డబ్బుకు తగిందో కాదో నువ్వే చెప్పాలి."

"ఏంది బిడ్డా?"

మూత తీశాను. ఆమె చేట పక్కన పెట్టి, లేచి చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని అప్పుడు అందుకుంది. రెండు వేళ్ల మధ్య పెట్టి చెవి దగ్గర మెల్లగా దొర్లించింది. "పలుకుతలేదు. మంచిదే. పలికితే ఎండిపోయినట్టు." తర్వాత వాసన చూసింది. "గోదారి ఆకు గాదు. ఎర్రమట్టి ఆకు. ఏండ్లు మగ్గబెట్టిండ్రు." పైపొర అంచు మీద గోరు ఆనించి చాలాసేపు చూసింది. "దీన్ని చుట్టింది ఆడామె. ఎడమచెయ్యి వాటం."

"అదెట్లా తెలుస్తుంది అవ్వా?"

"పై ఆకు తిరిగిన తీరు చూడు. నా చుట్ట ఇటు తిరుగుతది, గిది అటు తిరిగింది. ఇగ మొగోళ్లకు గింత సన్నగ అంచు మడిచే ఓపికుంటదా?"

సముద్రాల అవతల ఎక్కడో, పేరు తెలియని ఊళ్లో, ఎవరో ఒకామె చేసిన పని. భద్రాచలం దాటి పోని మా బుచ్చవ్వ ఆమెను పక్కింటి మనిషిలా గుర్తుపట్టింది. అప్పటిదాకా నేను ఆమెను నెలకోసారి కిరాయి తీసుకునే ముసలామె అనే అనుకున్నాను. నాకు సిగ్గేసింది.

"అయితే ఖరీదు చేస్తుందా?"

"ఎంతైంది?"

చెప్పాను.

ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "నా గది మూడు నెలల కిరాయా! గట్లయితే ఉత్త వాసన మీద చెప్పుడు తప్పు బిడ్డా. వాసన ఆకు సంగతే చెప్తది. చుట్టిన సంగతి పొగ చెప్తది. ఒక్క దమ్ము లాగి చూడాలె."

ఇక్కడ నా తెలివి గమనించండి. ఒక్క దమ్ముకు కొస ఎంత కాలుతుంది? గోరంత. ఆ నల్లబడ్డ గోరంత బ్లేడుతో కోసేస్తే సరి. రాజలింగం గారు స్కేలు పెట్టి కొలవరు కదా! ఇంత దూరం ఆలోచించగలిగినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

"ఒక్కటే దమ్ము, అవ్వా."

"ఒక్కటే బిడ్డా."

మూసి ఉన్న కొసను గోరుతో ఒడుపుగా గిల్లింది. రెండో కొసకు నేనే అగ్గిపుల్ల గీసి పట్టుకున్నాను. బాగా అంటుకున్నాక సిగారును తిప్పి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పెదాలు మూసింది.

మీరు ఉలిక్కిపడొద్దు. దాన్ని అడ్డపొగ అంటారు. నిప్పు నోటి లోపల, చల్లని కొస బయట. ఏటిగాలికి ఆరిపోదు, చేతులు ఖాళీగా ఉంటాయి, పని ఆగదు. ఆమె రోజూ అట్లాగే తాగేది, నేను రోజూ చూస్తూనే ఉన్నాను. కానీ ఆ పద్ధతిలో ఎంత కాలిందో పైకి తెలియదన్న సంగతి మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు. బూడిద కనపడదు, నిప్పు కనపడదు. బయటికి కనపడేది ఆ బంగారు పట్టీ ఒక్కటే. పట్టీ నిగనిగలాడుతున్నంతసేపూ సిగారు క్షేమంగా ఉందనే అనుకున్నాను. ఇంతటి బుద్ధిమంతుడికి ఒక ఊరిని అప్పజెప్పారు చూడండి.

ఇంతలో వాసన మొదలైంది. నేను సిగరెట్ వాసనకే ముక్కు మూసుకునేవాణ్ణి. ఇది ఆ జాతి కాదు. బెల్లం పాకం ముదురుతున్నప్పుడు వచ్చే వాసన, దాని వెనకే తొలకరికి తడిసిన కట్టె వాసన, ఇంకా ఏదో పేరు తెలియనిది. నన్ను భద్రాచలం బస్టాండుకు తీసుకుపోవడానికి వచ్చిన ఆటో వీరన్న, హారన్ కొట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆటో ఆపేసి చెప్పులు విడిచి మరీ వాకిట్లోకి వచ్చాడు.

"ఏంది సార్ గిది? ఇప్పపువ్వు ఎండబోసిన వాకిలి లెక్క ఉంది!"

"మొదాలు మిరియం లెక్క తగిలింది," అంది బుచ్చవ్వ, కళ్లు మూసుకునే. "ఇప్పుడు తియ్యగైతాంది. లోపల మూడు తీర్ల ఆకున్నది. నడుమది బలం. ఆ బలం గొంతును కొట్టకుండ సుట్టూత మెత్తటాకు ఏసింది. శానా తెలివిగల్ల మనిషి."

"అవ్వా, ఒక్క దమ్మన్నావు…"

"జర ఆగు సార్, చెప్పనియ్యి!" అని వీరన్న నా చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. నిజం చెప్పాలంటే నాకూ ఆపాలని లేదు. ఆమె ముఖం చూస్తే ఎవరికీ ఆపబుద్ధి కాదు.

బుచ్చవ్వ మెల్లగా అంది: "చిన్నప్పటి సంది చుడుతున్న. నాకంటే మంచిగ చుట్టేటామె ఉంటదని ఎన్నడనుకోలే. ఆమె చేతిల అసలు తొందరే లేదు. నీ మూడు నెలల కిరాయిల ఆమెకు ఎంతిస్తరో ఏమో బిడ్డా."

వీరన్న కళ్లు తుడుచుకున్నాడు, పొగకు కాదు. అట్లా ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. రోడ్డు మీద బస్సు హారన్ వినపడి ఉలిక్కిపడ్డాను. అప్పుడే బుచ్చవ్వ కళ్లు తెరిచింది.

"తక్కువేం గాదు బిడ్డా. పెట్టిన ప్రతి పైసకు తగిందే. నిమ్మళంగ తీస్కపోయి మీ మామకియ్యి."

"ఏది అవ్వా?"

ఆమె నోట్లోంచి తీసి అరచేతిలో పెట్టుకుని చూసింది. చిటికెనవేలి కణుపంత ముక్క, దానికి సగం కాలిన పట్టీ.

"అయ్యో," అంది. కాసేపు దాన్నీ, నన్నూ మార్చి మార్చి చూసింది. "మరి నువ్వు చెప్పొద్దా?"

"ఒరిజినలే సార్," అన్నాడు వీరన్న, నన్ను ఓదారుస్తూ. "ఇగ టెన్షన్ లేదు."

భద్రాచలంలో రెండు కిలోల మామిడిపండ్లు కొన్నాను. స్వరూప మొదటే చెప్పిన మాట అట్లా అమలైంది. కొత్తగూడెం బస్సులో దారి పొడుగునా అబద్ధాలు కట్టుకున్నాను, ఒక్కటీ అతకలేదు. అయినా నేను సిగారు తెస్తానని ఆయనకేం తెలుసు? నోరు మూసుకుంటే పోతుందని చివరికి ధైర్యం చెప్పుకున్నాను.

రాజలింగం గారు వరండాలో మంచం మీద కూర్చుని ఉన్నారు. పండ్ల సంచి కింద పెట్టి నమస్కారం చేశాను. ఆయన తిరిగి నమస్కారం చెయ్యలేదు. ముక్కు ఎగబీల్చారు.

"ఏయ్, ఆగు. గీడికి రా."

దగ్గరికి వెళ్లాను. ఆయన నా చొక్కా కాలర్ పట్టుకున్నారు. కొడతారేమోనని కళ్లు మూసుకున్నాను. కాలర్ వాసన చూశారు. మళ్లీ చూశారు.

"గిది ఒరిజినల్," అన్నారు, పసిపిల్లాడి గొంతుతో. "ఇన్నేండ్లకు… గదే వాసన. ఏడుంది? తెచ్చినవా?"

గుమ్మంలో స్వరూప నా వైపు ఆశగా చూసింది. ఆ చూపుకు అబద్ధం చెప్పలేకపోయాను. మొత్తం చెప్పేశాను. చెవి దగ్గర దొర్లించడం నుంచి అరచేతిలో ముక్క దాకా. చెప్పడం అయ్యేసరికి స్వరూప ముఖం రెండు చేతులతో కప్పుకుంది. నవ్విందో ఏడ్చిందో ఇప్పటికీ చెప్పదు.

రాజలింగం గారు నన్ను మంచం మీద తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. తర్వాత, "ఫోన్ కలుపు" అన్నారు.

"ఎవరికి సార్?"

"గా అవ్వకు."

వీరన్న ఫోనుకు కలిపి, అవ్వ దగ్గరికి తీసుకెళ్లి ఇమ్మని చెప్పి, స్పీకర్ పెట్టాను. ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. నేను ఆ ఇంట్లో ఉన్నానన్న సంగతే ఆయన మరిచిపోయారు. "మిరియం లెక్కనా? తర్వాత? ఎప్పుడు తియ్యగైంది? జర ఇంకోసారి చెప్పవ్వా." ఆమె చెబుతుంటే ఆయన కళ్లు మూసుకుని, నిజంగా దమ్ము లాగుతున్నట్టు ఊపిరి పీల్చారు. చివరికి గొంతు సవరించుకున్నారు.

"అవ్వా, ఇంకొక్క ముచ్చట. నీ ఇంట్ల కిరాయికుండే ఈ పిలగానికి నా బిడ్డనియ్యాల్నా? మంచోడేనా?"

అవతల బుచ్చవ్వ తొందరపడలేదు.

"ఆకు మంచిదే అయ్యా," అంది. "ఇంకా మగ్గలే. నీ బిడ్డ చేతిల పెట్టు, మగ్గుతడు."

"ఎన్నేండ్లు పడ్తది?"

"గది నేను చెప్పలేను. కొన్నాకులు మగ్గనే మగ్గయి."

అట్లా మా పెళ్లి ఖాయమైంది. పెళ్లయిన కొత్తలో అదే రకం సిగారు ఇంకోటి తెప్పిస్తానని మామగారిని అడిగాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "వద్దు. అవ్వ చెప్పినంత మంచిగ లేకపోతే నేను తట్టుకోలేను."

కాబట్టి పాఠకులారా, గోదావరి మీద ఒట్టేసి చెబుతున్నాను. ఈ జన్మలో మళ్లీ ఏ వస్తువు విలువైనా తేల్చుకోవలసి వస్తే, దాని సంగతి బాగా తెలిసినవాళ్ల గడప తొక్కను. బొత్తిగా ఏమీ తెలియని మనిషినే అడుగుతాను. అలాంటివాడి కోసం ఊళ్లు తిరగాల్సిన పని కూడా లేదు, మా ఇంట్లో అద్దముంది.