ముప్పై ఎనిమిది గంటల నిచ్చెన

నిచ్చెనల ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ గడియారం అనేవారు. ఇరవై ఆరేళ్లు ఓవెన్ దగ్గరే పని. ఒక్క లోడునీ ఎనిమిది గంటలు దాటనివ్వలేదు.

ఆ ఎనిమిదికి కారణముంది. అల్యూమినియంలో కాస్త మెగ్నీషియం, సిలికాన్ కలిపి, బాగా కాల్చి, ఒక్కసారిగా నీళ్లలో ముంచితే అవి లోపలే కరిగి ఉండిపోతాయి. తర్వాత ఓవెన్‌లో తక్కువ వేడి మీద ఉంచితే కంటికి కనబడని రేణువులుగా విడివడి లోహమంతా పరుచుకుంటాయి. బరువు పడ్డప్పుడు లోపలి పొరలు జారకుండా అడ్డుపడేవి అవే. వేళ మించిందా, చిన్న రేణువులు పెద్దవాటిలో కలిసిపోతాయి, మధ్య ఖాళీలు పెరుగుతాయి. లోహం మళ్లీ మెత్తబడుతుంది.

ఒక శనివారం సాయంత్రం ఆరింటికి లోడు పెట్టారు. ఓవర్‌టైమ్ లేదు, సోమవారం పొద్దున తియ్యమన్నాడు మేనేజరు.

"మెత్తబడుతుంది సార్."

"కాలేకొద్దీ గట్టిపడాలి గానీ మెత్తబడ్డమేంటయ్యా? అదేమన్నా బంగాళాదుంపా?"

సోమవారం ఎనిమిదింటికి తీసి, గడియారం రిజిస్టరులో 38 అని రాశాడు.

"ముందున్న మూడు కొట్టెయ్యవయ్యా, ఎనిమిదే మిగులుతుంది," అన్నాడు మేనేజరు.

కొట్టెయ్యలేదు. ఇక మిగిలింది గట్టిదనం పరీక్ష. పరీక్ష గదిలో ఆ పని చేసేది గడియారం కూతురే. మూడేళ్లుగా టెంపరరీ, పర్మనెంట్ చేసేవాళ్ల జాబితా ఆ వారమే తయారవుతోంది. రిపోర్టు 'పాస్' అని వచ్చింది. నిచ్చెనలు బజారుకెళ్లాయి. నెల తిరక్కుండా ఆమె పర్మనెంటయింది. గంటలు తప్పు రాస్తున్నాడని ఆయన్ని ముందుగానే రిటైర్ చేశారు.

వీడ్కోలు సభలో మేనేజరు మైకు అందుకున్నాడు. "కాలేకొద్దీ గట్టిపడిన లోహం మన గడియారం!" చప్పట్లు మోగాయి. ఇలాంటి ఉపన్యాసాలు దంచేవాళ్లు ఓవెన్ తలుపు తీసి చూసిన పాపాన పోరు. బహుమతిగా ఒక నిచ్చెన ఇచ్చారు.

ఇంటికి తెచ్చి, ముందుగదిలో మాడిపోయిన బల్బు కింద నిలబెట్టాడు. కళ్లజోడు పెట్టుకుని, నిచ్చెన కాలి దగ్గర కొట్టిన లోడు నంబరు చదివాడు. ఆ శనివారందే.

"అమ్మాయ్, ఆ లోడుకి ఎంతొచ్చింది?"

"రిపోర్టులో ఉందిగా నాన్నా."

"రాసింది అడగలేదు."

ఆమె టిఫిన్ డబ్బా కడుగుతూనే ఉంది. ఆయన మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

"ఎక్కకు నాన్నా!"

కాలు తీసేశాడు. "మరి, కొనుక్కున్నవాళ్లకి ఎవరు చెబుతారే?"

ఆమె చేతులు తుడుచుకుని, కుర్చీ తేవడానికి లోపలికెళ్లింది.