పుట్టింటి నీళ్ళ డబ్బాలు

రాజోలు ఆస్పత్రిలో రక్తపరీక్షల సలోమి అంటే తెలియనివాళ్ళు లేరు. వేలు పొడిచేది ఒక్కసారి, ప్రశ్నలతో పొడిచేది పదిసార్లు. ఏం తిన్నావు, ఏ నూతి నీళ్ళు తాగేవు, అన్నీ కావాలి ఆవిడకి.

ఎనభైనాలుగు వేసంగిలో కొబ్బరికాయల వ్యాపారి భార్య నాగమణిని అత్తగారు కనకమహాలక్ష్మి తీసుకొచ్చేరు. కడుపుతో ఉన్న పిల్ల, ఆరో నెల. మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. మూణ్ణెల్లుగా ఐరను మాత్రలు మింగుతున్నా రక్తం ఆరు గ్రాములు దాటదు. ఇలాగైతే కాన్పు కష్టమని డాక్టరుగారు చెప్పేసేరు.

సలోమి రక్తం చుక్క గాజుపలక మీద పరిచి మైక్రోస్కోపులో చూసింది. గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణాలు పల్లేరుకాయల్లా ముళ్ళు తేలి ఉన్నాయి.

"పలక సరిగా ఆరలేదు సలోమీ," అన్నారు డాక్టరుగారు.

"అయితే మళ్ళీ చూద్దామండీ," అని సలోమి తన వేలు కూడా పొడుచుకుంది. రెండు పలకలూ పక్కపక్కనే ఆరబెట్టింది. తనవి గుండ్రంగా ఉన్నాయి. నాగమణివి మళ్ళీ ముళ్ళే!

"ఏదీ, పళ్ళు చూపించమ్మా." పళ్ళ మీద గోధుమరంగు చారలు. "పుట్టిల్లెక్కడ?"

"కనిగిరి పక్కనండి. మా ఊళ్ళో అందరికీ ఇంతేనండి."

"పెళ్ళయి రెండేళ్ళన్నావు, ఇక్కడ తాగేది గోదారి నీళ్ళేగా?"

అత్తగారు గర్వంగా అందుకున్నారు. "కాలవ నీళ్ళకి దీనికి జలుబు చేసిందమ్మా. కనిగిరిలో కాయలు దించి ఖాళీగా వచ్చే మా లారీలో వారం వారం పుట్టింటి బోరు నీళ్ళు డబ్బాలతో తెప్పిస్తున్నా. ఏ అత్తగారైనా చేస్తుందా?"

"ఆయ్, ఎవరూ చెయ్యరండి. చెయ్యకూడదు కూడానండి."

డాక్టరుగారు ఆ నీళ్ళు పరీక్షకి కాకినాడ పంపించేరు. ఫ్లోరైడు బాగా ఎక్కువని వచ్చింది. "పళ్ళనీ ఎముకల్నీ మాత్రమే తినేస్తుందనుకుంటాం గానీ, ఇది ఎర్రకణాల పైపొరనీ వదలదు. కడుపునీ పాడుచేస్తుంది. ఇంక ఐరను ఎలా ఒంటబడుతుంది?" అన్నారు.

కనకమహాలక్ష్మిగారు కళ్ళొత్తుకున్నారు. "నా చేత్తో నేనే పోశానా!"

"ప్రేమగా పోసేరు," అంది సలోమి. " అంతే ప్రేమగా కాచిన గోదారి నీళ్ళు పొయ్యండి. జలుబు చేస్తే ముక్కు నేను తుడుస్తా."

మాత్రలు అవే, నీళ్ళే మారేయి. ఏడు, ఎనిమిదిన్నర, పది గ్రాములు. ముళ్ళూ తగ్గేయి. తొమ్మిదో నెల నిండేక ఆడపిల్ల పుట్టింది, ఊరంతా వినబడేలా ఏడ్చింది.

అప్పట్నించీ ఆ డబ్బాలు కాయల లోడుతో కనిగిరి వెళ్తాయి, నిండా గోదారి నీళ్ళతో, నాగమణి తల్లికి. లారీ డ్రైవరు ముసలయ్యని సలోమి ఊరుకోనివ్వదు.

"ఈసారి వచ్చేటప్పుడు ఆవిణ్ణి కూడా ఎక్కించుకురా ముసలయ్యా. ఒక్క చుక్క రక్తం చాలు!"