ఇద్దరి ఫోన్లలోనూ ‘ఇల్లు’

నాచారంలో మా ఫ్యాక్టరీలో డ్యూటీ ఎక్కేముందు ఫోన్లు గేటు దగ్గరి చెక్క అరల్లో పెట్టి వెళ్లాలి. ఈ సాయంత్రం ఒళ్లు హూనమై, అరలోంచి నల్ల కవరు ఫోన్ తీసి చూడకుండానే జేబులో వేసుకుని బస్సెక్కాను. హబ్సిగూడ దగ్గర అది మోగింది. తెర మీద ‘ఇల్లు’ అని పడింది.

“ఏడున్నవ్?”

“తొవ్వల ఉన్న. అరగంటల వస్త.”

“జల్ది రా.”

రోజూ ఉండే మాటలే. ఉప్పల్‌లో దిగి లాక్ తీయబోతే నా వేలిముద్ర పడలేదు. తెర మీద ఎవరిదో పాప నవ్వుతోంది. పోల్చుకుంటే, నా పక్క మెషిన్ మీద పనిచేసే యాదగిరి కూతురు. అది అతని ఫోన్; దానికీ నల్ల కవరే. నేను మాట్లాడింది వాళ్లావిడతో! ఆమె కూడా గొంతులో తేడా కనిపెట్టలేదు.

సిగ్గుపడుతూ ఇంటికొచ్చి జరిగింది చెప్పబోతుంటే మా ఆవిడే ముందు అందుకుంది.

“ఫోన్ల పది నిమిషాల్ల వస్తనంటివి, గింత లేటేంది?”

ఆ మాట నేను అనలేదు. నా ఫోన్ యాదగిరి జేబులో ఉంది.

పన్నెండేళ్ల కాపురం మాది. నవ్వుదామనుకున్నాను గానీ ఓపిక లేకపోయింది. మీరు కూడా ఒకసారి ఇంటికి ఫోన్ చేసి, “తొవ్వల ఉన్న” కాకుండా ఇంకేదైనా మాట్లాడి చూడండి. అవతలివాళ్లు “ఎవరు?” అని అడిగితే కింద కామెంట్ పెట్టండి.